నేరేడుపండు రంగు ఇంకు కావాలి, అది ఆరాలి కూడా

నేరేడుచెట్టు (పర్లాకిమిడి)
నాకు ఇంకు పెన్నుల పిచ్చి ఈ మధ్యే పట్టింది. అటక మీద ట్రంకు పెట్టెలో తాతగారి రాజమండ్రి రత్నం పెన్ను దొరికింది. నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు), ఫిల్లర్‌తో ఇంకు పోసుకునే రకం. కడిగి కామ్లిన్ రాయల్ బ్లూ పోస్తే ఎక్కడా ఆగకుండా రాసింది. నేనూ అక్కడే ఆగి ఉంటే బాగుండేది.

నాకు నేరేడుపండు రంగు మీద మనసు పడింది. వంకాయ రంగు కాదు, ద్రాక్ష రంగు కాదు, నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలే రంగు. ఆన్‌లైన్‌లో వెతికి ఒక బుడ్డి తెప్పించాను (కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లదో నాదో ఇంకా తేలలేదు). ఎంత చిక్కటి రంగంటే, వెలుతురుకి అటూ ఇటూ తిప్పితే గీత మీద ఆకుపచ్చ బంగారు మెరుపు కనిపిస్తుంది. ఆ సంబరంలో మా తమ్ముడి కూతురి శుభలేఖల మీద అడ్రసులన్నీ దాంతోనే రాసేశాను. నూట నలభై కవర్లు.

మర్నాడు పొద్దున్న ముట్టుకుంటే కూడా చేతికి అంటింది. పసుపు రాసిన మూలల మీద నా బొటనవేలి ముద్రలు పడ్డాయి. ఇంట్లో ఉన్న నోటు పుస్తకంలో రాస్తే అక్షరాలకు మీసాలు మొలుస్తున్నాయి, వెనక పేజీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇవన్నీ ఓర్చుకున్నాను. మా మరిది స్కూటర్ మీద టెక్కలి వైపు పంచడానికి బయల్దేరితే పాతపట్నం దాటగానే వాన పట్టుకుంది. సంచిలోకి నీళ్లు దిగాయి. "వదినా, ఇందులో పెద్దమావయ్యగారిది ఏది?" అని ఫోను. ఇరవై కవర్ల మీద పేర్లు లేవు, ఊదా నీళ్లే ఉన్నాయి.

ముదురు రంగు ఇంకులన్నీ ఇంతేనా? మా ఊరి తేమకి, మామూలు కాగితానికి తట్టుకునే నేరేడు రంగు ఎవరైనా వాడారా?

బరంపురం_బాబాయి
రాయల్ బ్లూ ఆగకుండా రాసిందని మీరే చెప్పారు కదమ్మా. మందు చేతిలో పెట్టుకుని వైద్యుణ్ణి వెతుకుతున్నారు.

ధర్మాబాద్_మిర్చి
బాబాయ్ వచ్చేశాడు, చర్చ అయిపోయింది, అందరూ ఇళ్లకి పోండి.

పాళీ_పిచ్చోడు
పోకండి. ఆ బుడ్డిలో లోపం ఏమీ లేదు, అది ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఇంకులో ముప్పావు పైన నీళ్లే. అందులో కరిగిన రంగు, పాళీ జారడానికి కొద్దిగా ఒక పదార్థం, బూజు పట్టకుండా ఒక మందు ఉంటాయి. కాగితం మీద పడగానే నీళ్లు కొంత లోపలికి దిగుతాయి, కొంత ఆవిరైపోతాయి. రంగు కాగితం నారను పట్టుకుంటుంది. ఆ నార పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ రంగు ఉంటే మిగిలింది పైన పొరలా పేరుకుంటుంది. మీరు మురిసిపోయిన ఆకుపచ్చ బంగారు మెరుపు ఆ పొరదే. దాన్ని షీన్ అంటారు. మీ బొటనవేలికి అంటిందీ అదే పొర. గాలిలో తేమ ఎక్కువైతే అది మళ్లీ మెత్తబడుతుంది, అందుకే అలాంటి ఇంకు నెల తర్వాత కూడా అంటుకోవచ్చు.

దానికి తోడు మీది ఐడ్రాపర్ పెన్ను, అంటే ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకే ఇంకు పోసే రకం, పాత పాళీ. చాలా ధారాళంగా ఇంకు వదులుతుంది. అదే ఇంకు సన్న పాళీ ఉన్న జపాన్ పెన్నులో పోస్తే సగం గొడవ తగ్గుతుంది. ఇంతకీ మీరు దేని మీద, దేనికి రాస్తారు? శుభలేఖ కవరుకీ డైరీకీ ఒకే ఇంకు చెప్పమంటే నావల్ల కాదు.

బరంపురం_బాబాయి
ఇంకితేనే ఇంకు. ఇంకకుండా పైన కూర్చుంటే అది పెయింటు.

ధర్మాబాద్_మిర్చి
బాబాయ్‌కి ఇవాళ్టికి ఒక మార్కు.

మిల్లుగేటు
మీసాల సంగతి నేను చెప్తాను. రాయగడ దగ్గర పేపర్ మిల్లులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను.

అందరూ షాపులో జీఎస్ఎం అడుగుతారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, అంతే. మందం ఉన్నంత మాత్రాన ఇంకు ఆగదు. జపాన్ వాళ్ల తొమోయె రివర్ కాగితం 52 జీఎస్ఎమ్మే, ఉల్లిపొరలా ఉంటుంది, అయినా ఇంకు అవతలికి దిగదు. అసలు పని సైజింగ్‌ది. గంజి పెట్టిన పంచె మీద నీళ్లు పడితే కాసేపు నిలబడతాయి, ఉతికి ఉతికి నలిగిన పంచె అయితే టక్కున పీల్చేస్తుంది. కాగితమూ అంతే. గుజ్జులో ఒక మందు కలుపుతారు, తర్వాత పైన పిండి పూత వేస్తారు. పాత రోజుల్లో గుగ్గిలం లాంటి రోజిన్, పటిక వేసేవాళ్లు. దాంతో కాగితం ఆమ్లంగా తయారై కొన్నాళ్లకి పెళుసెక్కిపోయేది. ఇప్పుడు చాలాచోట్ల ఏకేడీ అనే మందు వాడుతున్నారు. చవక నోటు పుస్తకాల్లో ఈ ఖర్చే తగ్గిస్తారు, బాల్ పెన్నుకి ఏమీ తేడా తెలియదు కాబట్టి.

షాపులో చూసుకునే ఉపాయం: వేలు తడి చేసుకుని కాగితం మూల మీద ఆనించండి. తడి వెంటనే లోపలికి వెళ్లి మచ్చ వెనక కనిపించిందా, ఆ పుస్తకం ఇంకు పెన్నుకి పనికిరాదు. షాపువాడు చూడకుండా చేయండి.

బల్లార్ష_జంక్షన్
కాగితం గురించి రాయగడ వాళ్లు చెప్తుంటే బల్లార్‌పూర్ వాళ్లం ఊరుకోవాలా? మాదీ మిల్లు ఊరే. అన్న ఒక ముక్క మర్చిపోయిండు. కాగితానికి రెండు ముఖాలు ఉంటాయి. గుజ్జు జాలీ మీద పారి నీళ్లు కిందికి కారినప్పుడు జాలీ వైపు ఒకలా, పై వైపు ఇంకోలా తయారవుతుంది. ఒకే షీటులో ఒక పక్క మంచిగ రాసి, తిప్పితే మీసాలు వచ్చే పుస్తకాలు నా దగ్గర రెండు ఉన్నాయి. అక్కా, రెండు వైపులా రాసి చూడండి.

మిల్లుగేటు
నిజమే, ఒప్పుకున్నాను. ఇవాళ్టికి బల్లార్‌పూర్‌దే పైచేయి. ఇంకోటి, వానాకాలంలో కాగితమే తేమ పీల్చి కూర్చుంటుంది. మా ఆవిడ అప్పడాల డబ్బా ఎంత బిగించి పెడుతుందో నేను రాసుకునే కాగితాలు అంత బిగించి పెడతాను.

కొరాపుట్_కాఫీ
ఐడ్రాపర్ పెన్ను అనగానే నా తెల్ల చొక్కా గుర్తొచ్చింది. రెండేళ్ల కింద సాలూరులో బస్సెక్కి సుంకి ఘాట్ మీదుగా ఇంటికి వస్తున్నాను. జేబులో పెన్ను, పెన్నులో సగం దాకా ముదురు మెరూన్ ఇంకు. ఘాట్ సగం ఎక్కేసరికి పక్క సీటు పెద్దావిడ "బాబూ, నెత్తురు!" అని కేక పెట్టింది. కండక్టర్ బస్సు ఆపించాడు. ఎడమ జేబు, గుండె మీద అరచెయ్యంత ఎర్రమచ్చ. నేను పెన్ను తీసి చూపిస్తే ఒక్కరూ నవ్వలేదు, అందరికీ కోపం వచ్చింది.

కొరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల పైన ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, పెన్ను లోపల చిక్కుకున్న గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది. లోపల గాలి ఎంత ఎక్కువుంటే పెన్ను అంత కక్కుతుంది. ప్రయాణాల్లో నిండా పోసుకోండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి, పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి. కింద ఊళ్లలో కూడా సగం ఖాళీ అయిన పెన్నుని చేతిలో ఎక్కువసేపు పట్టుకుంటే ఆ వేడికి ఒక చుక్క కక్కుతుంది.

ధర్మాబాద్_మిర్చి
చొక్కా ఏమైంది?

కొరాపుట్_కాఫీ
దీపావళికి ఇల్లు తుడిచారు. రాయల్ బ్లూ మరక బ్లీచింగ్ నీళ్లకి పోతుంది. ఈ మెరూన్ మాత్రం గులాబీ రంగులోకి మారి అక్కడే స్థిరపడింది.

గుమస్తా_గుణుపూర్
ఎవరూ అడగలేదు కానీ ఒక హెచ్చరిక. ఆఫీసు కాగితాల మీద రంగుల ఇంకులు వాడకండి. నేను కొత్తలో ముచ్చటపడి నెమలిపచ్చ ఇంకుతో ఫైల్లో నోట్ రాశాను. మా పైఅధికారి పిలిచి, "తమరి ప్రమోషన్ ఆర్డరు నాకింకా రాలేదే" అన్నారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసు పద్ధతుల మాన్యువల్ ప్రకారం ఆకుపచ్చ గానీ ఎరుపు గానీ జాయింట్ సెక్రటరీ, ఆ పై హోదా వాళ్లే వాడాలి, అదీ అరుదుగా. మిగతావాళ్లకి నీలం, నలుపు.

నేరేడుచెట్టు (పర్లాకిమిడి)
బడిలో హాజరు పట్టీ నీలంతోనే రాస్తాను గుమస్తాగారూ, ఆ భయం లేదు. కొరాపుట్ తమ్ముడి కథ చదివి మా ఆయన కుర్చీలోంచి పడబోయారు.

పాళీ పిచ్చోడుగారు దేనికని అడిగారు కదా. డైరీకి, ఉత్తరాలకి. ఇంకోటి కూడా ఉంది. అమ్మ పెళ్లయిన కొత్తలో రాసుకున్న పాటల పుస్తకం అంచులు పొడి పొడి అవుతోంది. దాన్ని కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయాలి. అమ్మ రెండు ఇంకులతో రాసింది: మంగళహారతులు లేత నీలంలో, అప్పగింతల పాటలు, దంపుళ్ల పాటలు, మిగతావన్నీ ఊదాలో. నేనూ అలాగే రాద్దామని ఆశ. రెండూ వెలిసిపోకూడదు. కోరికలు పెరిగిపోతున్నాయని తెలుసు.

బరంపురం_బాబాయి
దేవుడి పాటకో రంగు, మనుషుల పాటకో రంగు. పెద్దవాళ్ల పద్ధతి చూడండి. గిడుగువారి ఊళ్లో పుస్తకమంటే ఆమాత్రం ఉండాలి.

కానీ ఒక్క మాట. స్వదేశీ పెన్ను చేయమని గాంధీగారు అంటే 1930ల్లో రత్నంగారు చేసిన పెన్నులు అవి. అందులో సీమ ఇంకు పోస్తారా?

పాళీ_పిచ్చోడు
బాబాయ్ వెటకారంగా అన్నా దారి మంచిదే చూపించారు. మన ఇంకులూ ఆ కాలం బిడ్డలే. కామ్లిన్ మూలం 1931లో దండేకర్ల ఇంకు వ్యాపారం. సులేఖ 1934లో బెంగాల్‌లో స్వదేశీ పేరుతోనే పుట్టింది, చాలా ఏళ్లు మూతపడి మళ్లీ తెరిచారు, పెన్ను ఇంకులు 2020లో మళ్లీ తెచ్చారు. బెంగళూరు బ్రిల్‌లో కూడా వయొలెట్ ఉంది. ఇవి పెద్దగా మెరవవు, అంటుకోవు, తాతగారి పెన్నుకి పెట్టిపుట్టినట్టు ఉంటాయి. కాకపోతే నేరేడుపండు లోపలి ఎరుపు వీటిలో తక్కువ.

సీమ ఇంకుల్లో పెలికాన్ 4001 వయొలెట్ బుద్ధిమంతురాలు. తడి తక్కువ, కాబట్టి ధారాళంగా కారే మీ పెన్నుకి కళ్లెంలా పనిచేస్తుంది. పైలట్ ఇరోషిజుకులో యమబుదో అని ఉంది, జపాన్ మాటలో అడవి ద్రాక్ష అని అర్థం. మీరు చెప్పే నాలుక రంగుకి నేను చూసినవాటిలో అదే దగ్గర. డయామిన్ డామ్సన్ కొంచెం బూడిద కలిసిన నేరేడు, ఎండలో వాడిన పండు అనుకోండి.

బరంపురం_బాబాయి
ఆ జపాన్ బుడ్డి ధర ఇప్పుడే చూశాను. యాభై మిల్లీలీటర్లు. ఆ డబ్బుకి బరంపురంలో ఇంటిల్లిపాదికీ ఏడాది సరిపడా అప్పడాలు, వడియాలు, ఆవకాయ వస్తాయి.

బల్లార్ష_జంక్షన్
అప్పడంతో ఉత్తరం రాయలేం బాబాయ్.

బరంపురం_బాబాయి
రాయక్కర్లేదు, పంపిస్తే చాలు, ఉత్తరం కంటే ఎక్కువ సంతోషిస్తారు.

ప్రాణహిత_గట్టు
వెలిసిపోవడం గురించి అక్క అడిగింది కదా, నా దగ్గర ఉన్నది చెప్తా. మాది సిరొంచ, ఎండకు కొదవ లేదు. గత వేసవిలో ఒక కాగితం మీద ఆరు ఇంకులతో గీతలు గీసి, సగం అల్యూమినియం రేకుతో కప్పి, పడమటి కిటికీకి రెండు నెలలు అంటించి ఉంచాను. నలుపు, బ్లూ బ్లాక్ కొంచెం పాలిపోయాయి అంతే. ఎరుపు దాదాపు లేదు. వింతేమిటంటే ఊదాది. కప్పిన సగం ఊదాగానే ఉంది, ఎండ తగిలిన సగం లేత నీలం అయింది. అందులో గులాబీ రంగు, నీలం రంగు కలిపి ఉన్నట్టున్నాయి, గులాబీ ముందు పోయింది.

పాళీ_పిచ్చోడు
చాలా ఊదా ఇంకులు అలా కలిపినవే. టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేసి అంచు నీళ్లలో ముంచితే గులాబీ ఒక పక్కకి, నీలం ఒక పక్కకి విడిపోతాయి. ఎర్ర ఇంకుల్లో మామూలుగా వాడే ఇయోసిన్‌కి వెలుతురు అంటే అస్సలు పడదు. పుస్తకం మూసి ఉంచితే భయం లేదు, గోడకి తగిలించేవాటికే ఈ గొడవ.

సిస్టరమ్మ_జైపూర్
చదువుతూ ఉన్నాను, ఇప్పుడు నా వంతు. పుండ్లకి పూసే జెన్షన్ వయొలెట్ తెలుసుగా, చిన్నప్పుడు మోకాళ్లన్నీ అదే రంగు. వయొలెట్ ఇంకుల్లో చాలాకాలం వాడిన మిథైల్ వయొలెట్ కూడా ఆ కుటుంబమే. అందుకే వేలికి అంటితే సబ్బుకి లొంగదు.

ధర్మాబాద్_మిర్చి
అంత గట్టి రంగే కావాలంటే ఓటు వేసినప్పుడు వేలికి పెట్టే ఇంకు పోసుకోవచ్చు కదా? అదీ నేరేడు రంగే. వానకి పోదు, సబ్బుకి పోదు, ఐదేళ్లు గ్యారంటీ.

పాళీ_పిచ్చోడు
ఎవరైనా నిజంగా చేస్తారేమో, భయంగా ఉంది. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. చర్మం మీద వెలుతురు తగిలాక నల్లబడి పట్టుకుంటుంది. స్టీలు పాళీకి తగిలితే ఇనుము కరిగి ఆ చోట వెండి పేరుకుంటుంది. పాళీ నాశనం.

ధర్మాబాద్_మిర్చి
జోక్ అండీ. ఈ మనిషికి జోక్ వేస్తే రసాయన శాస్త్రం తిరిగొస్తుంది.

కొరాపుట్_కాఫీ
పాటల పుస్తకానికి వందేళ్లు ఉండే ఇంకు కావాలంటే మా అడవిలోనే ఉంది. కరక్కాయ, అన్నభేది (ఇనుముతో చేసిన ఆకుపచ్చ ఉప్పు). కరక్కాయ కషాయంలో అన్నభేది వేస్తే నల్లగా తిరుగుతుంది. కలంకారీ వాళ్లు గుడ్డకి ముందు కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీస్తే నల్ల గీత వచ్చేదీ అదే కిటుకు. మొన్న సంతలో కరక్కాయలు తెచ్చి నేనూ కాచాను. అద్భుతంగా వచ్చింది.

పాళీ_పిచ్చోడు
పెన్నులో పోయలేదు కదా?

కొరాపుట్_కాఫీ
పోశాను.

పాళీ_పిచ్చోడు
అయ్యో. వెంటనే కడగండి. వేడి నీళ్లు వద్దు, ఎబొనైట్ అయితే రంగు వెలిసిపోతుంది. చల్లటి నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి రాత్రంతా నాననివ్వండి. ఇంట్లో కాచిన ఇంకు అడుగున మడ్డి కడుతుంది, అది పాళీ కింద ఉండే నాలుక గాడుల్లో ఇరుక్కుంటే ఇక రాదు. ముంచి రాసే కలానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

పెన్నుల్లో పోసుకునేలా పలచగా, మడ్డి లేకుండా చేసిన ఐరన్ గాల్ ఇంకులు, అంటే ఇలా ఇనుమూ కాయల కషాయమూ కలిసి నల్లబడే ఇంకులు, బయట దొరుకుతాయి. కంపెనీలు అదే కిటుకు సీమ మాచికాయతో మొదలుపెట్టాయి. నేరేడుచెట్టు గారికి పనికొచ్చేది ఒకటుంది, జర్మనీ రోరర్ అండ్ క్లింగ్నర్ వాళ్ల స్కాబియోసా. ఐరన్ గాల్ ఇంకే, రంగు ఊదా. రాసినప్పుడు లేతగా ఉండి గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. నీళ్లు పడినా అక్షరం మిగులుతుంది. కొంచెం ఆమ్లం, కాబట్టి పెన్నులో ఎండనివ్వకూడదు, మూడు నాలుగు వారాలకోసారి కడగాలి.

గుమస్తా_గుణుపూర్
స్కాబియోసా నేను వాడాను. ఇంకు మంచిదే, కానీ అది నేరేడు అంటే నేనొప్పుకోను. ఉతికిన ఊదా చీర రంగు. అక్కయ్య చిక్కటి రంగు అడిగారు.

పాళీ_పిచ్చోడు
చిక్కదనం కావాలి, అంటుకోకూడదు, వానకి పోకూడదు, వెలిసిపోకూడదు, చవక నోటు పుస్తకంలో మీసాలు రాకూడదు. ఇన్ని గుణాలున్న పెళ్లికొడుకు దొరికితే నాకూ చెప్పండి, మా చెల్లికి చూస్తున్నాం.

బరంపురం_బాబాయి
మా ముత్తాతగారి తాళపత్రాలు ఇంట్లో ఉన్నాయి. గంటంతో గీసి పైన మసి రుద్ది తుడిచేవారు. గీతలో మసి నిలుస్తుంది. ఆరడం లేదు, అంటడం లేదు, వెనక్కి దిగడం లేదు. మీరంతా ఇన్నేళ్లుగా వెనక్కి నడుస్తున్నారు.

బల్లార్ష_జంక్షన్
అక్కా, కొత్త బుడ్డి కొనే ముందు ఉన్నదాంట్లో నీళ్లు కలిపి చూశారా? రంగు ఎక్కువై మిగిలిపోతోందని పాళీ అన్న మొదట్లోనే చెప్పిండు. మరి రంగు తగ్గిస్తే సరిపోతుంది కదా.

గుమస్తా_గుణుపూర్
ఇంత డబ్బు పోసి కొన్న ఇంకులో నీళ్లా? పాలవాడి బుద్ధి.

పాళీ_పిచ్చోడు
నేనూ ఇష్టపడను. రంగుతోపాటు బూజు పట్టకుండా వేసిన మందూ పలచబడుతుంది. కుళాయి నీళ్లయితే మరీ, అందులోని ఉప్పులు అడుగున పేరుకుంటాయి. కానీ బల్లార్ష లెక్క తప్పు కాదు. బుడ్డి మొత్తం పాడు చేయకుండా చిన్న సీసాలో రెండు మూడు మిల్లీలీటర్లు కలిపి, నెలలోపు వాడేసేటట్టయితే చేయొచ్చు.

కొరాపుట్_కాఫీ
ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే అంటారు కదా?

సిస్టరమ్మ_జైపూర్
ఆ పైపులో ఉండే దుమ్మూ నాచూ చూస్తే అనరు. మందుల షాపులో ఇంజెక్షన్ కలిపే నీళ్లు చిన్న ట్యూబుల్లో దొరుకుతాయి, కొన్ని రూపాయలే. ఒక సిరంజి కూడా తీసుకోండి, సూది లేకుండా. కొలత తప్పదు.

నేరేడుచెట్టు (పర్లాకిమిడి)
పది రోజులు కనిపించలేదు, పెళ్లి పనులు. పెళ్లి బాగా జరిగింది. పెద్దమావయ్యగారికి ఫోన్లోనే చెప్పాం, వచ్చారు.

సిస్టరమ్మగారు చెప్పినట్టు ఇంజెక్షన్ నీళ్లు తెచ్చి మూడు చిన్న సీసాల్లో కలిపాను. నాలుగు పాళ్ల ఇంకుకి ఒక పాలు నీళ్లు: మెరుపు కాస్త తగ్గింది, అంటుకోవడం అలాగే ఉంది. సగానికి సగం: బాగా ఆరింది కానీ బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలా ఉంది. రెండు పాళ్లకి ఒక పాలు దగ్గర ఆశ్చర్యపోయాను. ఆకుపచ్చ మెరుపు మొత్తం పోయి, దాని కింద ఇన్నాళ్లూ దాగున్న ఎరుపు బయటికొచ్చింది. పాళీ ఆనిన చోట ముదురు, లాగిన చోట లేత. నాలుక మీద రంగంటే ఇదే! మంచి కాగితం మీద నిమిషంలోపు ఆరింది, మర్నాడు రుద్దినా చేతికి రాలేదు. పాత నోటు పుస్తకంలో మీసాలు తగ్గాయి కానీ పోలేదు. మిల్లుగేటు గారి తడివేలు పరీక్ష చేసి వేరే పుస్తకం కొన్నాను (షాపువాడు చూశాడు). వానకి మాత్రం ఇప్పటికీ కరిగిపోతుంది, కాబట్టి కవర్ల మీద ఇక పర్మనెంట్ బ్లూ బ్లాక్.

గుమస్తా_గుణుపూర్
పాలవాడి బుద్ధి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

బల్లార్ష_జంక్షన్
రాయగడ వాళ్లు వింటున్నారా?

మిల్లుగేటు
వింటున్నాం. కాగితం మార్చాకే కుదిరిందని కూడా రాసింది, అది చదివారా?

ప్రాణహిత_గట్టు
పాటల పుస్తకం మొదలుపెట్టారా అక్కా?

నేరేడుచెట్టు (పర్లాకిమిడి)
నిన్న మొదలుపెట్టాను. అప్పగింతల పాటలు నేరేడు రంగులో రాసి, మంగళహారతులకి రాయల్ బ్లూ పోద్దామని పెన్ను కడుగుతుంటే అమ్మ వచ్చి, "మళ్లీ ఇంకు ఎందుకు మారుస్తున్నావు?" అంది. "నువ్వు రెండు ఇంకులతో రాశావు కదమ్మా" అన్నాను. "రెండు ఇంకులు ఎక్కడివే? ఇంకు బిళ్లలు తెచ్చి నీళ్లలో కలిపి రాశాను, అన్నీ ఊదావే" అంది.

పుస్తకం తెచ్చి చూశాం. మంగళహారతుల పేజీలు రోజూ దేవుడి గూట్లో తెరిచి ఉండేవి, గూడు పక్కనే తూర్పు కిటికీ. మిగతా పాటలు ఎప్పుడో పెళ్లిళ్లకి తెరిచేవి. హారతి పేజీ నడిమధ్యన, కుట్టు లోపలికి మడతపడ్డ చోట ఒక వరుస చివరి రెండక్షరాలు ఇంకా ఊదాగానే ఉన్నాయి.

ప్రాణహిత_గట్టు
నా కిటికీ కాగితం లాగే.

బరంపురం_బాబాయి
దేవుడి పాటకో రంగు అని నేను రాసింది ఎవరైనా తీసేయగలరా?

ధర్మాబాద్_మిర్చి
ఇక్కడ రాసింది పోదు బాబాయ్. పర్మనెంట్ ఇంకు.

కొరాపుట్_కాఫీ
అక్కా, హారతులు ఏ రంగులో రాస్తున్నారు మరి?

నేరేడుచెట్టు (పర్లాకిమిడి)
అమ్మనే అడిగాను. "నీలంలో రాయి, నాకు కళ్లకి అలవాటైపోయింది" అంది. పెన్ను మళ్లీ కడుగుతున్నాను.